ఎక్స్‌రే నార్మల్ వస్తే మణికట్టు లిగమెంటు బాగున్నట్టేనా?

పర్లాకిమిడిలో బండి జారి, అరచెయ్యి ఆనించి పడ్డారు. ఎక్స్‌రే నార్మల్. అయినా సీసా మూత తిప్పితే నొప్పి. విశాఖ వెళ్లి ఎమ్మారై తీయిస్తే తేలిపోతుందా అని మీ ప్రశ్న.

చాలావరకు తేలుతుంది, పూర్తిగా కాదు. మామూలు ఎక్స్‌రేలో లిగమెంటు కనబడదు. కానీ పిడికిలి బిగించి తీస్తే మణికట్టులో పక్కపక్కనే ఉండే స్కాఫాయిడ్, ల్యూనేట్ అనే చిన్న ఎముకల మధ్య సందు 3 మిల్లీమీటర్లు దాటిందేమో తెలుస్తుంది. దాటితే వాటిని కట్టి ఉంచే లిగమెంటు తెగిందని అనుమానిస్తారు. ఇది చవక, మీ ఊళ్లోనే అయిపోతుంది. పోల్చడానికి రెండు చేతులకూ తీయించండి.

ఎమ్మారైకి పూర్తిగా తెగింది బాగానే దొరుకుతుంది, సగం చిరిగిందే తప్పించుకుంటుంది. 1.5 టెస్లా (అయస్కాంత బలానికి కొలత) కంటే 3 టెస్లా యంత్రం, అందులోనూ మణికట్టు కాయిల్ (మణికట్టుకి అమర్చి సిగ్నల్ పట్టే భాగం) ఉన్నది నయం. కీలులోకి స్కాన్‌లో స్పష్టంగా కనబడే మందు ఎక్కించి తీసే ఎమ్మార్ ఆర్థ్రోగ్రామ్ ఇంకా నమ్మకం. తుది మాట మాత్రం ఆర్థ్రోస్కోపీదే, అంటే చిన్న గాటు పెట్టి సన్నటి కెమెరాతో కీలు లోపల చూడడానిదే.

ఇంకో తిరకాసు: మణికట్టులో చిటికెనవేలి వైపు ఉండే టీఎఫ్‌సీసీ (మృదులాస్థి, లిగమెంట్లు కలిసిన మెత్త) వయసుతో అరిగి, ఏ నొప్పీ లేనివాళ్ల స్కాన్‌లోనూ చిరిగినట్టు కనబడుతుంది. రిపోర్టు చూసి ఆపరేషన్‌కి తొందరపడకండి. ముందు ఎముకల డాక్టరుకి చెయ్యి చూపించి, ఎక్కడ నొక్కితే నొప్పో స్కాన్ చీటీలో రాయించుకోండి.