పాత పత్రికలు తిరగేస్తున్న చిరంజీవికి

విశాఖపట్నం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. పాత పత్రికల్లోని వింతలను ఎంతో శ్రమపడి పోగుచేశావు. అయితే ఏ ఒక్కదాని దగ్గరా పాఠకుణ్ణి కాసేపు నిలబెట్టలేదు, ఏది ఏనాటిదో చెప్పనూలేదు.

ఈ రెండు తప్పులూ నేనూ చేశాను. చాలా ఏళ్ల కిందట, వన్‌టౌన్‌లో ఒక ఇంటి భోషాణం అడుగున పరిచిన పత్రిక ముక్క నా చేతికి వచ్చింది. దంతపు పెట్టె పోయిందనీ, తెచ్చిచ్చినవారికి బహుమానం ఇస్తామనీ అందులో నాలుగు పంక్తుల ప్రకటన ఉంది. తేదీ చిరిగిపోయి ‘సాధారణ నామ సంవత్సరము’ అన్న మాటలే మిగలడంతో 1970 అని రాసేశాను. సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయని తెలిసి కూడా, 1910 సైతం సాధారణమేనన్న సంగతి తట్టలేదు. అచ్చయ్యాక ఆ కాగితం వెనక్కి తిప్పి చూస్తే, ఏదో మందు సీసా ధర అణాల్లో ఉంది. అణాల స్థానంలో నయాపైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. 1970లో అణాల్లో ధర ఎవరు వేస్తారు?

అంతకన్నా పెద్ద లోపం, ఆ పెట్టెను పట్టించుకోకపోవడం. పద్దెనిమిదో శతాబ్దం నాటికే మన విశాఖ పనివారు చెక్కపెట్టెలకు దంతపు రేకులు తాపి, వాటిమీద సన్నని పూలతీగలు చెక్కి, ఆ గీతల్లో నల్లని లక్క నింపేవారు. వాటిని తెల్లదొరలు ముచ్చటపడి కొని ఓడల్లో తీసుకుపోయారు. ప్రకటన వేసినవారు మాత్రం పెట్టె ఎలా ఉంటుందో ఒక్క మాటైనా రాయలేదు, ఎందుకంటే చదివే ఊరివారికి ఆ వర్ణన అక్కరలేదు. అందరికీ తెలిసిన ఆచారాన్ని ఎవరూ వార్తగా రాయరు కనుక, మరుగున పడినవాటిని పెద్ద శీర్షికల కింద కాక ఇలాంటి ప్రకటనల్లో, నోటీసుల్లో, ధరల పట్టీల్లో వెతకాలని నాకు ఆలస్యంగా తెలిసింది.

ఆంధ్రపత్రిక 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టి, 1914లో మద్రాసులో దినపత్రిక అయింది. అందులో మన ఊరి కబురు కనిపిస్తే, అది ఎంత దూరం ప్రయాణించి అచ్చయిందో కూడా లెక్కలోకి తీసుకో.

1942 ఏప్రిల్ 6న విశాఖపై జపాను బాంబులు పడిన వార్తను నీవు ఉన్నదున్నట్టు ఎత్తిరాశావు. ఆ భయానికి జనం ఇళ్లకు తాళాలు వేసి ఊరు విడిచిపోయారు. మళ్లీ గ్రంథాలయానికి వెళ్లి, ఆ తర్వాతి వారాల సంచికల్లో అద్దె ఇళ్ల ప్రకటనలు, పోయిన వస్తువుల ప్రకటనలు ఓపికగా చూడు. ఒక్కటి దొరికినా, దాని పక్కన ఏముందో, వెనక ఏముందో కూడా రాసి నాకు పంపు.