పాల బిల్లు వస్తున్నా డబ్బు ఎందుకు మిగలడం లేదు?

ప్రశ్న: నాకు ఐదు గ్రేడెడ్ ముర్రా గేదెలున్నాయి. ఈతకు 280 రోజుల పాటు ఒక్కొక్కటి సగటున రోజుకు 8 లీటర్లు ఇస్తుంది. వెన్న శాతాన్ని బట్టి పాల సేకరణ కేంద్రంలో లీటరుకు 56 రూపాయలు పడుతోంది. పాలిచ్చే గేదెకు మేత, దాణా కలిపి రోజుకు 248 రూపాయలు, అంటే లీటరుకు 31 రూపాయలే అవుతోంది. ఆ లెక్కన లీటరుకు 25 రూపాయలు మిగలాలి. కానీ ఏడాది తిరిగేసరికి చేతిలో ఏమీ ఉండడం లేదు. పొరపాటు ఎక్కడుంది?
– ఒక పాడి రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: మీ కూడికలో తప్పు లేదు. అయితే అది పాలిచ్చే రోజుల లెక్క మాత్రమే. వట్టిపోయిన గేదె కూడా మేస్తుంది కనుక, ఒక ఈత నుంచి మరుసటి ఈత వరకు అయ్యే ఖర్చు మొత్తాన్ని ఆ ఈతలో పిండిన పాలతో, ఇంట్లో వాడుకున్న వాటితో సహా, భాగించినప్పుడే లీటరు అసలు ఖర్చు తేలుతుంది.

ఈతల మధ్య ఎడం మీరు రాయలేదు. పల్లెల్లో తరచుగా కనిపించే 15 నెలలు, అంటే 450 రోజులు అనుకుందాం. ఒక్క గేదెకు లెక్క చూస్తే, పాలిచ్చే 280 రోజులకు మేపు 69,440 రూపాయలు. మిగిలిన 170 రోజులు, 2 కిలోల దాణా, గడ్డి కలిపి రోజుకు 136 చొప్పున, 23,120. ఇంటివాళ్ల శ్రమకు గేదెకు రోజుకు 60 రూపాయలే కట్టినా 27,000. మందులు, ఎద సూదులు (కృత్రిమ గర్భధారణ), బీమా, కరెంటు 6,000. గేదెను 90,000కు కొని ఐదు ఈతల తర్వాత 30,000కు అమ్మితే, తరుగు ఈతకు 12,000. సొంత డబ్బుతో కొన్నా వడ్డీ వేయాలి. 9 శాతం చొప్పున అది సుమారు 10,000. దూడ, పేడ విలువ 12,000 తీసివేస్తే నికర ఖర్చు 1,35,560 రూపాయలు. దీన్ని 2,240 లీటర్లతో భాగిస్తే లీటరుకు 60 రూపాయల 50 పైసలు. అంటే లీటరుకు నాలుగున్నర రూపాయల నష్టం, మీ ఇంటిల్లిపాది కూలిలోంచి పోతోంది. ఇందులో కొన్ని ధరలు నేను అనుకున్నవి. వాటి స్థానంలో మీ ఊరి ధరలు వేసుకోండి. సొంత పొలంలో పెంచిన పచ్చిగడ్డికి కూడా ఊళ్లో అమ్మే ధరే కట్టండి.

దాణాను డబ్బాతో కొలిచే అలవాటుంటే ఒకసారి తూకం వేసి చూడండి. డబ్బా తవుడు, డబ్బా పత్తి చెక్క ఒకే బరువు తూగవు. చాలామంది లెక్క అక్కడే తారుమారవుతుంది.

ఇక నష్టాన్ని తగ్గించే దారి దాణా కోతలో లేదు. దాణా తగ్గిస్తే పాలు తగ్గి, లీటరు ఖర్చు ఇంకా పెరుగుతుంది. గేదె చూడి కాలం సుమారు 310 రోజులు కనుక, 450 రోజుల ఎడం ఉన్న గేదె ఈనిన 140 రోజులకు గానీ చూలు కట్టలేదన్నమాట. అదే 80 రోజులకు కడితే ఎడం 390 రోజులకు దిగి, వట్టి రోజులు 60 తగ్గుతాయి. వాటి మేపు, శ్రమ, వడ్డీ కలిపి సుమారు 13,000 మిగిలి, లీటరు ఖర్చు 54 రూపాయల 70 పైసలకు వస్తుంది. ఎద 21 రోజులకోసారి వస్తుంది కనుక, ఈ 13,000 రూపాయలు మనం గమనించకుండా వదిలేసిన మూడు ఎదల ఖరీదు.

గేదెల్లో, ముఖ్యంగా ఎండాకాలంలో, మూగ ఎద ఎక్కువ. అవి ఆవుల్లా అరిచి చెప్పవు. తెల్లవారుజామున, రాత్రి పడుకోబోయే ముందు కొట్టంలోకి వెళ్లి చూడండి: మానం నుంచి గాజులాంటి తీగ వేలాడుతోందా, మాటిమాటికి మూత్రం పోస్తోందా, ఆ పూట పాలు తగ్గాయా అని. ఈనిన తేదీ, ఎదకొచ్చిన తేదీ, సూది వేయించిన తేదీ గేదెవారీగా గోడ క్యాలెండర్‌లో రాయండి. ఈని 60 రోజులు దాటినా ఎద కనిపించని గేదెను ఆ వారంలోనే పశువైద్యుడికి చూపించండి.