గ్రహణం మొర్రితో బిడ్డ పుడితే తప్పు తల్లిదేనా?

కాదు, గ్రహణానికీ మొర్రికీ, అంటే పై పెదవి చీలి ఉండటానికీ, ఏ సంబంధమూ లేదు. అయినా తల్లి తనను తాను నిందించుకోవడం, తండ్రి మూగబోవడం చాలా ఇళ్లలో జరిగేదే. బిడ్డ ముఖం ఎలా ఉంటుందో నెలల తరబడి ఊహించుకుని ఉంటారు. ఆ ఊహ చెదిరినప్పుడు వచ్చేది నిజమైన దుఃఖం, బిడ్డ మీద ప్రేమ లేక కాదు.

పై పెదవి గర్భం 4 నుంచి 7 వారాల మధ్యే ఏర్పడుతుంది. అది మొదలయ్యేసరికి గర్భం వచ్చిన సంగతే చాలామందికి తెలియదు. ఉదాహరణకు, ఐదో నెలలో గ్రహణం రోజు కత్తిపీట ముందు కూర్చుని కూర తరిగినందుకే ఇలా అయిందని అత్తగారు అంటే, ఆ పెదవి రూపం అంతకు మూడు నెలల ముందే తేలిపోయింది. జన్యువులు, కొన్ని మందులు, పొగతాగడం వంటివి కారణం కావచ్చు. చాలాసార్లు ఫలానా కారణమని తేలదు.

"బిడ్డ పనిలో పడితే బాధ అదే పోతుంది" అనుకోవడం ఇంకో పొరపాటు. అంగిలి కూడా చీలి, పట్టిన పాలు ముక్కులోంచి కారుతుంటే ఎవరికైనా టెన్షనే. రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోయినా, బిడ్డను ఎత్తుకోబుద్ధి కాకపోయినా డాక్టర్‌కి చెప్పాలి, తండ్రి అయినా సరే. పెదవి ఆపరేషన్ సాధారణంగా 3 నుంచి 6 నెలల వయసులో చేస్తారు.