ముందు ఊపిరి వదలడం నేర్చుకో

చిట్టీ,

నీ ఫోన్ వచ్చిన దగ్గర్నుంచి మనసు నీ మీదే ఉంది. డాక్టరుగారు సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే జబ్బు అని చెప్పి వ్యాయామం చెయ్యమన్నారని, "నాలుగడుగులకే ఆయాసం వస్తుంటే మళ్లీ నడవమంటారేంటక్కా" అని ఏడ్చావు. ఆరేళ్ల కిందట నేనూ అచ్చం ఇదే మాట అన్నాను. బీడీ సిగరెట్టు ఎరగని మనకు ఈ జబ్బేమిటని అడిగావు కదా. ముప్పై ఏళ్లు కట్టెల పొయ్యి ముందు కూర్చుని మింగిన పొగ తక్కువా?

మనకు గాలి లోపలికి పోవడం లేదనిపిస్తుంది. అసలు చిక్కు అది కాదు, బయటికి రాకపోవడం. ఊపిరి గొట్టాలు ఇరుకైపోయాయి కాబట్టి పాత గాలి పూర్తిగా వెళ్లకముందే కొత్తది పీల్చేస్తాం. నడక జోరు పెరిగేకొద్దీ అది లోపలే పేరుకుపోతుంది. తొక్కి కుట్టిన మిర్చి బస్తాలో ఇంకో గుప్పెడు పడుతుందా? మన ఛాతీ పరిస్థితీ అంతే.

అందుకని వదలడం మీద దృష్టి పెట్టు. ముక్కుతో ఒకటి, రెండు లెక్కపెడుతూ పీల్చు. వేడి టీ మీద ఊదేటప్పుడు పెదాలు ఎలా పెడతావో అలా పెట్టి, నాలుగు లెక్కపెట్టేదాకా మెల్లగా వదులు. ఊదుగొట్టం ఊదినట్టు బలంగా కాదు సుమా! మొదట్లో నేను అలాగే ఊది, కళ్లు తిరిగి గుమ్మంలో కూలబడ్డాను. మెట్టు ఎక్కేటప్పుడు, బిందె ఎత్తేటప్పుడు, కుర్చీలోంచి లేచేటప్పుడు ఊపిరి వదులుతూ చెయ్యి. బరువు పని మధ్యలో ఊపిరి బిగపట్టకు. జడ వేసుకుంటుంటే ఆయాసం వస్తోందన్నావు. భుజాల కండరాలు మనకు ఊపిరి తీయడంలోనూ సాయపడుతుంటాయి, చేతులు పైకెత్తితే ఆ సాయం తగ్గుతుంది. మోచేతులు బల్లమీద ఆనించుకుని దువ్వుకో.

నడక ఒక్క బిగిన వద్దు. ఒక నిమిషం నడిచి, ఒక నిమిషం ఆగినా లెక్కే. ఆయాసానికి సున్నా నుంచి పదిదాకా మార్కులు వేసుకో, మూడు నాలుగు దగ్గర ఉంటే సరిగ్గా చేస్తున్నట్టు. ఆగినప్పుడు ముందుకు వంగి చేతులు మోకాళ్ల మీద ఆనించు. అమ్మ వాడిన విసనకర్ర ఉందిగా, ముఖం మీదికి విసురుకో. బుగ్గలకు, ముక్కుకు గాలి తగిలితే ఆయాసం తగ్గినట్టుంటుంది. నవ్వకు, ఆస్పత్రుల్లో కూడా చిన్న చేతి ఫ్యాన్ వాడమంటున్నారు.

ఇక నువ్వు భయపడుతున్న మాస్కు. దాన్ని బైపాప్ అంటారు. పీల్చేటప్పుడు ఎక్కువ ఒత్తిడితో, వదిలేటప్పుడు తక్కువ ఒత్తిడితో గాలినిస్తుంది. అంటే ఊపిరి కండరాల పని కొంత అది పంచుకుంటుంది, అప్పుడు కాళ్లు ఇంకాసేపు ఆడతాయి. నాకు ఫిజియో దగ్గర సైకిల్ తొక్కేటప్పుడు పెట్టేవారు. మొదటి రోజు ఎవరో ముక్కు నొక్కినట్టుండి పీకి పారేశాను. మూడో రోజు కూర్చుని ఉండగా పెట్టుకుని అలవాటు చేసుకున్నాకే తొక్కాను. కడుపు నిండా తిని వెళ్లకు, గాలి మింగి పొట్ట ఉబ్బుతుంది. ఇది అందరికీ అక్కర్లేదు, జబ్బు బాగా ముదిరినవాళ్లకే. ఇంట్లో ఒంటరిగా మాత్రం పెట్టుకుని వ్యాయామం చెయ్యొద్దు.

ఆక్సిజన్ సంగతి వేరు. ఆయాసం వచ్చినంత మాత్రాన ఆక్సిజన్ తగ్గినట్టు కాదు చిట్టీ, ఇది నాకు అర్థమవడానికి ఏడాది పట్టింది. ఆక్సిజన్ మిషను కొనేముందు ఆరు నిమిషాల నడక పరీక్ష చెయ్యమని అడుగు. నడుస్తుంటే రక్తంలో ఆక్సిజన్ 88 శాతం కంటే కిందికి పడుతోందో లేదో అప్పుడు తెలుస్తుంది. గోళ్ల రంగు తీసేసి, చేతులు వెచ్చగా ఉన్నప్పుడు వేలికి ఆక్సిజన్ చూసే మీటరు పెట్టాలి. చేత్తో మోసుకెళ్లే మిషన్లు కొన్ని పీల్చినప్పుడే ఒక దెబ్బ గాలి వదులుతాయి, వాటి మీద రెండు అని ఉంటే నిమిషానికి రెండు లీటర్లని కాదు. అది పెట్టి నిన్ను నడిపించి చూశాకే డబ్బు కట్టు. ఎంత పెట్టాలో డాక్టరుగారు రాసిచ్చిందే పెట్టు. నేను ఒకసారి తెలివి ఉపయోగించి నాబ్ పెంచాను. మత్తుగా పడుకుని, తలనొప్పితో లేచాను. కొందరికి ఎక్కువ ఆక్సిజన్ వల్ల ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుందట, వాళ్లను 88, 92 మధ్యే ఉంచుతారు. గొట్టం ముక్కున ఉండగా దీపం, అగరబత్తి దగ్గరికి వెళ్లకు. పూజ కోడలిని చెయ్యమను, దేవుడేం అనుకోడు. ముక్కు ఎండిపోతోందని వాజెలిన్, కొబ్బరినూనె రాయకు.

ఛాతీలో నొప్పి, తల తిరగడం, పెదాలు నీలంగా మారడం, వీటిలో ఏది కనిపించినా ఆపెయ్. కూర్చున్నా తగ్గకపోతే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లమను. కళ్లె రంగు మారినా, జ్వరం ఉన్నా ఆ రోజు నడక లేదు, డాక్టరు దగ్గరికే. నడకకు ముందు ఇన్‌హేలర్ పీల్చాలో వద్దో కూడా ఆయన్నే అడుగు, నాకైతే పదిహేను నిమిషాల ముందు పీల్చమన్నారు.

రేపు పొద్దున వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు ఎన్నిసార్లు నడవగలిగావో క్యాలెండర్ మీద రాసిపెట్టు. మూడే అయినా సరే. ఆదివారం ఫోన్ చేసినప్పుడు చదివి వినిపిద్దువుగాని.

మీ అక్క