నీలాంజనం అంటే కాటుకేనా?

సందేహం: మా తాతగారి వైద్యం నోటుపుస్తకంలో 'నీలాంజనమును గుంటగలగరాకు రసమున నూరి' అని ఉంది. నీలాంజనం అంటే కాటుకే కదా అని నేను, కాదు ఆంటిమొని అని ఇంటర్ చదివే మా అబ్బాయి. ఎవరిది ఒప్పు?
– ఒక పాఠకుడు, రాజాం

సమాధానం: మీది తప్పు. మీవాడిది సగం ఒప్పు.

కాటుక దీపం మసి. మా మామ్మ ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి, తెల్లారి ఆ మసిని గోటితో గీకి, చుక్క ఆముదం వేసి మెదిపేది. నీలాంజనం రాయి. శనివారం నవగ్రహాల చుట్టూ తిరుగుతూ 'నీలాంజన సమాభాసం' అని చదువుతామే, అదే.

అసలు అంజనం అన్నది పదార్థం పేరు కాదు, పని పేరు. సంస్కృతంలో 'అంజ్' అంటే పూయడం. తలంటుకి అభ్యంజనం అన్న పేరూ అక్కడిదే. ఏ మరకా అంటనివాడు నిరంజనుడు. అందుకే మానుపసుపు కషాయంతో చేసే రసాంజనంలో రాయే లేకపోయినా అదీ అంజనమే. ఇక పోయిన ఆవు ఎటు పోయిందో చెప్పడానికి మన పల్లెల్లో వేసే అంజనంలో ఏముంటుందో వేసేవాడికే తెలియాలి!

నీలాంజనం ఆంటిమొని సల్ఫైడ్ అని కొందరు, సీసం సల్ఫైడ్ అని కొందరు. రెండూ నల్లగా మెరుస్తాయి, చిక్కంతా అక్కడే. విజయనగరంలో ఉరుసు దుకాణాల్లో ఒకసారి, నూరి కంటికి పెట్టుకునే సురమా రాయి కొని పగలగొట్టాను. పాచికల్లా చదరపు ముక్కలైంది. ఆంటిమొని రాయైతే సూదులు పేర్చినట్టుంటుంది. నాకు దొరికింది సీసమే. అలాంటిది పిల్లల కళ్లకు పెట్టకూడదు.

ఈ కంటిపొడినే అరబ్బులు 'అల్ కొహల్' అన్నారు. యూరప్ చేరాక ఆ మాటకు మెత్తని పొడి, ఆపైన సారం, చివరికి సారా అని అర్థాలు మారి ఆల్కహాల్ అయింది. కాటుక భరిణెలోంచి సీసాలోకి!

మీవాడి ఆంటిమొనికి మందుగా పేరు లేకపోలేదు. యూరప్‌లో దాని లవణాన్ని వాంతి చేయించడానికి ఇచ్చేవారు, మోతాదు మించితే ప్రాణమే పోయేది. 1920లలో కలకత్తాలో ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి ఆంటిమొనితో చేసిన యూరియా స్టిబమిన్ అనే మందు, కాలా అజార్ అనే ప్రాణాంతక జ్వరం వచ్చిన రోగులను ఎందరినో బతికించింది. అందులోని 'స్టిబ' ఆంటిమొని లాటిన్ పేరు స్టిబియం నుంచి వచ్చిందే. మీవాడి పుస్తకంలో ఎస్‌బీ అన్న గుర్తూ దానిదే.

తాతగారు రాసింది ఆ నల్లరాయిని శుద్ధి చేసే పద్ధతి. ఆయన పెట్టెలో ముక్క ఏదైనా మిగిలి ఉంటే విరిచి చూసి, సూదులో పాచికలో నాకు రాయండి. కంట్లో మాత్రం పెట్టుకోకండి.