పెళ్ళి, పిల్లలతో ఏళ్ళ తరబడి పాట ఆపేసినవాళ్ళు మళ్ళీ రాక్ బ్యాండ్‌లో పాడగలరా? అలా తిరిగొచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

ఉన్నారు. కాలేజీలో బ్యాండ్, సొంతంగా పాటలు రాసుకునే అలవాటు, తర్వాత పెళ్ళి, ఇద్దరు పిల్లలు, ఇప్పుడు నలభైకి దగ్గరపడటం, గొంతు మారిందేమో, జనం నవ్వుతారేమో, వేదిక మీద తడబడతానేమో అన్న భయాలు... మీ ప్రశ్న కింద రాసిన వివరం చదవగానే నాకు తట్టిన పేరు అమెరికా రాక్ గాయని, కవయిత్రి ప్యాటీ స్మిత్. నాదీ ఇంచుమించు మీ కథే. హైదరాబాదులో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో బ్యాండ్‌లో పాడేదాన్ని, బాబు పుట్టాక మానేశాను, వాడు హైస్కూలుకొచ్చాక మళ్ళీ మైకు పట్టుకున్నాను. మధ్యలో ఆవిడ పాటలూ ఇంటర్వ్యూలూ నాకు బాగా తోడున్నాయి.

ఆవిడ మొదలుపెట్టిందే ఆలస్యంగా. 1946లో షికాగోలో పుట్టి, ఎక్కువగా న్యూజెర్సీలో పెరిగింది. చిన్న వయసులో ఫ్యాక్టరీలో పనిచేసింది. 1967లో న్యూయార్క్ చేరి పుస్తకాల షాపుల్లో ఉద్యోగం చేస్తూ కవిత్వం రాసుకుంది. 1971 ఫిబ్రవరిలో సెయింట్ మార్క్స్ చర్చిలో కవితలు చదువుతూ, పక్కన గిటారిస్టు లెన్నీ కే చేత ఎలక్ట్రిక్ గిటారు వాయింపించింది. చర్చిలో ఎలక్ట్రిక్ గిటారేమిటని మొహం చిట్లించిన వాళ్ళూ ఉన్నారట. బ్యాండ్ పుట్టింది అక్కడే అనుకోవచ్చు. మొదటి ఆల్బం 'హార్సెస్' 1975 నవంబరులో వచ్చింది. అప్పటికి ఆవిడకి ఇరవై ఎనిమిదేళ్ళు. మన ఇళ్ళలో ఆ వయసుకి "ఇంక ఈ పాటలూ గీటలూ చాలమ్మా" అంటారు.

తర్వాత నాలుగేళ్ళు చాలా వేగంగా నడిచాయి. 1977 జనవరిలో ఫ్లోరిడాలోని టాంపాలో పాడుతూ పాడుతూ స్టేజీ మీంచి కింద పడి మెడ ఎముకలు విరగ్గొట్టుకుంది. కోలుకుని 1978లో 'ఈస్టర్' ఆల్బంతో వచ్చింది. ఆవిడకున్న ఒకే ఒక్క పెద్ద హిట్టు 'బికాజ్ ద నైట్' అందులోదే, అమెరికా చార్టులో 13వ స్థానం దాకా వెళ్ళింది. రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ సగంలో వదిలేసిన పాట అది. ఇద్దరి రికార్డింగులకీ పనిచేస్తున్న జిమ్మీ ఐవీన్ ఆ టేపు తెచ్చి ఈవిడ చేతిలో పెట్టాడు. వేరేవాళ్ళ పాట నాకెందుకని ఆవిడ చాలా రోజులు వినను కూడా వినలేదు. ఒక రాత్రి ఆవిడ ప్రేమిస్తున్న ఫ్రెడ్ స్మిత్ డెట్రాయిట్ నుంచి ఫోన్ చేస్తానన్నాడు. ఆ టైముకి రాలేదు. గదిలో అటూ ఇటూ తిరిగి తిరిగి, కాలక్షేపానికి ఆ టేపు పెట్టింది. అర్ధరాత్రికి ఫోను మోగేసరికి పాట పూర్తయింది. చరణంలో టెలిఫోను ప్రస్తావన ఎందుకుందో ఇది తెలిశాకే నాకు అర్థమైంది.

ఆ ఫ్రెడ్ 'ఎంసీ5' బ్యాండ్ గిటారిస్టు. 1979లో, పేరు పతాక స్థాయిలో ఉన్నప్పుడు, ప్యాటీ ఇటలీలోని ఫ్లారెన్స్‌లో ఒక స్టేడియం నిండా జనం ముందు పాడి, ఆ తర్వాత ఆపేసింది. 1980లో ఫ్రెడ్‌తో పెళ్ళి. డెట్రాయిట్ శివార్లలో సరస్సు పక్కన ఊళ్ళో కాపురం, 1982లో కొడుకు, 1987లో కూతురు.

మీకు పనికొచ్చేది ఈ భాగమే. తెల్లవారుజామున ఐదింటికి లేచి, పిల్లలు నిద్రలేచేదాకా రాసుకునేది. అచ్చువేయాలనీ కాదు, ఎవరికో వినిపించాలనీ కాదు. ఆ ఏళ్ళలో మీరేమీ చేయలేదు కదా అని ఎవరైనా అంటే ఆవిడకి ఒళ్ళు మండుతుంది. పేపర్లో పేరు కనపడకపోతే పని చేయనట్టేనా అని నిలదీస్తుంది. దీన్ని త్యాగమనే వాళ్ళంటే నాకూ చిరాకే. తనకి నచ్చిన మనిషితో తనే కోరి వెళ్ళింది, మధ్యలో మన జాలి ఎందుకు?

ఒకరోజు వంటింట్లో బంగాళాదుంపల తొక్క తీస్తుంటే ఫ్రెడ్ వచ్చి, "జనం చేతిలో శక్తి ఉంది, దీని మీద పాట రాయి" అన్నాడట. చేతిలో కత్తి, ముందు దుంపలు. అలా మొదలైంది 'పీపుల్ హ్యావ్ ద పవర్'. 1988లో 'డ్రీమ్ ఆఫ్ లైఫ్' ఆల్బంలో వచ్చింది. పిల్లలు చిన్నవాళ్ళని ఆ ఆల్బంకి టూర్ చేయలేదు, అమ్మకాలూ అంతంతమాత్రం. పాట మాత్రం ఆల్బంని దాటి ఊరేగింపుల్లోకీ సభల్లోకీ పాకింది. ఇప్పటికీ ఆవిడ కచేరీలు చాలావరకు దాంతోనే ముగుస్తాయి.

తిరిగి రావడం వెనక మాత్రం కలలేమీ లేవు. 1989లో ప్రాణస్నేహితుడు, 'హార్సెస్' అట్ట మీది ఫోటో తీసిన రాబర్ట్ మేపుల్‌థోర్ప్ పోయాడు. 1990లో మొదటి నుంచీ బ్యాండ్‌లో ఉన్న పియానిస్టు రిచర్డ్ సోల్ పోయాడు. 1994 నవంబరులో ఫ్రెడ్, నెల తిరిగేసరికి తమ్ముడు టాడ్. ఇద్దరు పిల్లలతో మిగిలింది, ఇల్లు గడవాలి. చేతనైన పని అదొక్కటే కాబట్టి చేసింది. కవి అలెన్ గిన్స్‌బర్గ్ లాంటి పాత స్నేహితులు వెన్ను తట్టారు. 1995 డిసెంబరులో గాయకుడు బాబ్ డిలన్ తన టూరుకి పిలిచి, కలిసి పాడటానికి తన పాటల్లో ఏది కావాలో ఎంచుకోమన్నాడు. ఆవిడ 'డార్క్ ఐస్' ఎంచుకుంది. మరుసటేడు 'గాన్ అగైన్' ఆల్బం. తనంతట తాను పాట కట్టుకునేందుకు గిటారు మీద ఫ్రెడ్ నేర్పి వెళ్ళిన కొద్ది కార్డ్‌లే (కలిపి మోగించే స్వరాలే) ఆధారం.

గొంతు సంగతి అడిగారు. 'హార్సెస్', 'గాన్ అగైన్' ఒకదాని వెనక ఒకటి వినండి. రెండోదాంట్లో గొంతు కిందికి దిగింది, బరువెక్కింది. నాకు రెండోదే ఎక్కువ నచ్చుతుంది, ఈ మాటకి 'హార్సెస్' లాంటి మొరటు రాక్‌ని ఇష్టపడే పంక్ అభిమానులు నన్ను కొట్టొచ్చినా సరే. నా అనుభవమూ అదే. మళ్ళీ మొదలుపెట్టిన కొత్తలో పై స్వరాలు అందేవి కావు, లాగితే గొంతు పట్టేసేది. మా గిటారిస్టు మారు మాట్లాడకుండా స్కేలు (శ్రుతి) దించి వాయించాడు. అప్పుడు తెలిసింది, కింది స్థాయిలో ఇదివరకు లేని నిండుదనం వచ్చిందని. పొద్దున్నే కాసేపు మంద్రంలో, అంటే కింది స్వరాల్లో, సాధన చేయండి, చిన్నప్పుడు సరళీ వరసలు నేర్చుకుని ఉంటే అవే చాలు. పాత స్కేల్లోనే పాడి తీరాలని పంతం పట్టొద్దు.

నవ్వుతారేమోనన్న భయం గురించి: నవ్వుతారు, కొద్ది రోజులు. మా డ్రమ్మర్ మొదటి రోజు నన్ను "ఆంటీ" అన్నాడు, రెండు పాటలయ్యాక "అక్కా"లోకి దిగాడు. ఇంట్లో మా అత్తగారు మాత్రం "ఆ అరుపులకి గొంతు పోతుందే" అని ఇప్పటికీ మిరియాల పాలు ఇస్తూనే ఉంటారు.

వేదిక మీద తడబడితే ఎలా అన్నారు కదా. 2016 డిసెంబరు 10న స్టాక్‌హోమ్‌లో, డిలన్‌కి నోబెల్ ఇచ్చిన సభలో, ఆయన రాకపోతే ఆయన పాట ప్యాటీ స్మిత్ పాడింది. ముందు స్వీడన్ రాజు, వెనక ఆర్కెస్ట్రా, చిన్నప్పటి నుంచీ ప్రేమించిన పాట. రెండో చరణంలో మాటలు అందక ఆగిపోయింది. క్షమించండి, చాలా కంగారుగా ఉంది అని చెప్పి, మళ్ళీ అందుకోవచ్చా అని అడిగింది. సభ చప్పట్లు కొట్టింది, పాట పూర్తిచేసింది. యూట్యూబ్‌లో ఉంది, చూడండి. అప్పటికే 2007లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు, 2010లో 'జస్ట్ కిడ్స్' పుస్తకానికి నేషనల్ బుక్ అవార్డు వచ్చిన మనిషి. కొడుకూ కూతురూ పెద్దయ్యాక ఆవిడ పక్కనే వాయిస్తున్నారు, ఒకరు గిటారు, ఒకరు పియానో.

మీరు ముందు చేయాల్సిందల్లా పాత నోటుబుక్కు బయటికి తీయడం. కొత్తగా బ్యాండ్ కట్టే హడావుడి అప్పుడే వద్దు, ఒక గిటారిస్టు దొరికితే చాలు. మీ ఊరేదో రాయలేదు. హైదరాబాదైతే జామ్ రూములు, అంటే బ్యాండ్‌లు సాధన చేసుకునే గదులు, గంట లెక్కన అద్దెకిస్తారు. శని, ఆదివారాలు కుర్రకారుతో కిటకిటలాడతాయి. పిల్లలు స్కూల్లో ఉండే వేళ, మామూలు రోజుల్లో మధ్యాహ్నం అడగండి, ఖాళీగా ఉంటుంది కాబట్టి రేటు కూడా కాస్త తగ్గించొచ్చు.