ఖండాలను లాగుతున్నది లావా కాదు, బరువు

“భూమి లోపల లావా సుడులు తిరగడం వల్లే ఖండాలు కదులుతాయా? ఇందులో సాంద్రత పనేమిటి?” అని అడిగారు.

పనంతా సాంద్రతదే. పైగా మన కాళ్ల కింద లావా సముద్రమేమీ లేదు. భూమి పైపొర కింద 2,900 కిలోమీటర్ల లోతు దాకా ఉన్న మాంటిల్ అనే పొర దాదాపు అంతా గట్టి రాయే. ద్రవరూపంలో ఉన్న ఇనుము దానికీ దిగువన ఉంది. మా మేనల్లుడి పాఠ్యపుస్తకంలో మాంటిల్‌ని ఎర్రగా, మరుగుతున్నట్టు వేశారు. ఆ బొమ్మ చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది. హిమాలయాల్లో హిమానీనదం గట్టి మంచే, అయినా మెల్లగా జారుతుంది కదా! మాంటిల్ రాయీ అంతే, ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు.

వాడికి మాటలతో ఎక్కలేదు. బెంగళూరులో మా వీధిలో ఇల్లు కడుతున్నచోట ఒక బూడిదరంగు రాయి, వంటగట్టు కోయగా మిగిలిన నల్లరాయి ముక్క ఒకటి అడిగి తెచ్చాను. సూట్‌కేసులు తూచే కొక్కెం త్రాసుకి కట్టి ముందు గాలిలో, తర్వాత బకెట్ నీళ్లలో ముంచి తూచాం. గాలిలో తూకాన్ని నీళ్లలో తగ్గిన తూకంతో భాగిస్తే బూడిద రాయి సాంద్రత నీటికి 2.7 రెట్లు, నల్లదానిది 3 రెట్ల దరిదాపుల్లో వచ్చింది. బాల్కనీ అంతా నీళ్లు. వాడు లెక్క చూసి, “మాంటిల్ 3.3 అన్నావుగా మామయ్యా, మరి ఈ రెండూ తేలాలి కదా?” అన్నాడు. అదీ ప్రశ్నంటే!

బూడిద రాయి, అంటే ఖండాల రాయి, మాంటిల్ మీద తేలుతూనే ఉంది. లాల్‌బాగ్ గుట్టది ఆ జాతే, వయసు దాదాపు 300 కోట్ల ఏళ్లు. దాన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా ప్రకటించారు, ఫలకమూ ఉంది. జనం మాత్రం గోపురం పక్కన సెల్ఫీ దిగి చిప్స్ కవర్లు అక్కడే పారేసి పోతారు.

నల్లరాయి చుట్టం బసాల్ట్. సముద్రపు అడుగు దానితోనే ఏర్పడింది. పుట్టినప్పుడు వేడిగా, తేలిగ్గా ఉంటుంది. కోట్ల ఏళ్లు గడిచేకొద్దీ అదీ, దానికి అంటుకుని ఉన్న మాంటిల్ రాయీ చల్లబడి, కింది వేడి మాంటిల్ కన్నా సాంద్రమై, అంచు వంగి లోపలికి దిగుతాయి. లోతున ఒత్తిడికి బసాల్ట్ ఎక్లోజైట్ అనే ఇంకా బరువైన రాయిగా మారి సాంద్రత 3.5 దాకా పెరుగుతుంది. ఇక ఆ దిగే భాగం వెనకున్న పలకనంతా (భూమి గట్టి పైభాగపు పెద్ద ముక్కని), దాని మీద ఖండముంటే దానితో సహా, లాక్కుపోతుంది. మహాసముద్రాల అడుగున 20 కోట్ల ఏళ్లు దాటిన నేల దాదాపు కనిపించకపోవడానికి కారణం ఇదే. కింద నుంచి వేడి తోయడం కన్నా ఈ లాగుడే పెద్ద శక్తి అని నేను గట్టిగా చెబుతాను.

2004 డిసెంబర్ 26న మన తీరం మీదికి అలలు వచ్చింది కూడా సుమత్రా దగ్గర అలా దిగుతున్న పలక పైనున్న నేల ఒక్కసారిగా పైకి ఎగదన్నడంతోనే. అక్కడ ఏ లావా పొంగలేదు.